ఫిబ్రవరి 29: చేతికొచ్చే అదనపు రోజు

సభ్యులందరికీ నమస్కారం. భూమి సూర్యుణ్ణి చుట్టిరావడానికి 365 రోజుల మీద 5 గంటల 48 నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ మిగులే పోగై లీపు రోజు అవుతుంది. మన అధికమాసం లాంటి సర్దుబాటే ఇదీ.

వచ్చేది 2028లో, మంగళవారం. పనిరోజు కాబట్టి సెలవు ముందే అడిగిపెట్టుకోండి. కరెంటు బిల్లులు, బ్యాంకు పనులు ఆ రోజుకి నెట్టకండి, మామూలు మంగళవారమే అయిపోతుంది.

మా మాట వింటే ఒక్కటే పని పెట్టుకోండి: ఇంట్లో పెద్దవాళ్ల గొంతు రికార్డు చేయడం. పొద్దున్న 6:15 ప్రాంతంలో మన విశాఖ ఆర్కే బీచ్‌లో వాళ్లకి సూర్యోదయం చూపించండి, రికార్డింగ్ మాత్రం ఇంట్లోనే. సముద్రపు గాలికి మాటలు వినపడవు. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ జానెడు దూరంలో మెత్తని తువ్వాలు మీద ఉంచండి. ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. 20 నిమిషాలకో ఫైల్ చాలు, తర్వాత వాళ్లకి మంచినీళ్లు, విశ్రాంతి. "మీ చిన్నప్పుడు ఎలా ఉండేది" అంటే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. "పూర్ణా మార్కెట్‌కి ఎవరితో వెళ్లేవారు, ఏం కొనేవారు" అని అడగండి, మాటలు అవే వస్తాయి. ఆ రాత్రే పేరు, తేదీ రాసి రెండు చోట్ల కాపీ చేసుకోండి.