జిప్పే ఖాయమైందిరా!

ఒరే శీనూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, పడతాను. అమ్మ మోకాళ్లు కాస్త నయం. చిన్నాడు ఆరో తరగతికొచ్చాడు. మామిడి ఈసారి కాపు లేదు. ఇంటి కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా ప్రోగ్రామ్‌ని స్కూళ్లకి పంచాలన్నాను చూడు, దాని ఫైళ్లన్నీ ఒకే మూటగా ఏ ఫార్మాట్‌లో కట్టివ్వాలన్న దాని మీద ఆఫీసులో మహాభారతం జరిగింది. కొత్త కుర్రాడు ఒకటే పట్టు: "ఎక్స్‌జెడ్ పెడదాం సార్, జిప్ కంటే సైజు బాగా తగ్గుతుంది." తగ్గుతుంది, కాదనను. మా పెద్దాయన (అదేరా, శనివారం సాంబారు టైపు) అంతా విని, "అక్కడ విండోస్ 7 మెషీన్లు. కొత్తది ఇన్‌స్టాల్ చేయడానికి పాస్‌వర్డ్ హెడ్మాస్టరు దగ్గర కూడా లేదు. నీ ఎక్స్‌జెడ్ ఎవడు విప్పుతాడు?" అన్నాడు. జిప్ అయితే డబుల్ క్లిక్ చేస్తే చాలు.

ఎవరో ఎక్స్‌జెడ్ దొంగదారి (ఆ ప్రోగ్రామ్‌లో రహస్యంగా దూర్చిన చొరబాటు దారి) గోల ఎత్తారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి) అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బయటపడిందే, అది. అర సెకనురా! మనమైతే నెట్ స్లో అనుకుని టీకి పోయేవాళ్లం. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు అందరూ కోడ్ చూసుకునే గిట్‌లో లేనే లేదు, జనానికి పంచిన టార్ ఫైల్లోనే (కోడ్ మూటలోనే) ఉంది. అది ఫార్మాట్ తప్పు కాదని కుర్రాడు వాదించాడు. నేనూ వాడి పక్షమే. కానీ హెడ్మాస్టరు పాస్‌వర్డ్‌కి జవాబేదీ?

విండోస్ బదులు లైనక్స్ వాడేవాళ్ల మాటేమిటన్నాడు కుర్రాడు. ఆ మాట నిజమే. విండోస్‌లో కట్టిన జిప్‌ని అక్కడ విప్పితే స్క్రిప్టులకి రన్ చేసే పర్మిషన్ ఉండదు. అందుకని వాళ్లకి ఆ పర్మిషన్లు నిలిపే టార్ జీజిప్ మూట, మిగతా అందరికీ జిప్ అని తేల్చాం.

ఇంటికొచ్చాక జిప్ ఫార్మాట్‌ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ గురించి చదివాను. 1989లోనే ఫార్మాట్ వివరాలు ఎవరైనా వాడుకోమని బయటపెట్టేశాడు. 2000లో, 37 ఏళ్లకే, ఒక హోటల్ గదిలో ఒంటరిగా పోయాడు. మనసు అదోలా అయిపోయిందిరా. రోజూ ఎంతమంది... సరేలే.

అన్నట్టు, మధ్యలో మేనేజరు వచ్చి రార్ అనే ఇంకో ఫార్మాట్ అడిగాడు! విప్పడానికి ఉచితమే గానీ కట్టడానికి లైసెన్సు కొనాలని చెప్తే ఆయన మొహం చూడాలి, అచ్చం తొమ్మిదో నంబర్ గదిలో ఆ రాత్రి నీ... కొరియర్ వాడు గేటు దగ్గర అరుస్తున్నాడు, మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
రాజు