2024–25 వార్షిక నివేదిక: తేదీలు సరిచూసుకున్న ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం జరిపిన కార్యక్రమాల వివరాలను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. పాత సినిమాలు, పాటలు, టీవీ కార్యక్రమాలకు సంబంధించిన జయంతులు, వార్షికోత్సవాలు జరపడం మనకు మొదటినుంచీ ఉన్న పనే. అయితే ఈ ఏడాది వేడుకల మీద కన్నా, వాటి తేదీలను సరిచూసుకోవడం మీదే ఎక్కువ శ్రమపడ్డాం.

ఇందుకు కారణం మన పొరపాటే. 2023 సెప్టెంబర్ 15న తెలుగు టాకీ (మాటలున్న సినిమా) పుట్టినరోజంటూ హాలు ముందు ఫ్లెక్సీ కట్టి, 'భక్త ప్రహ్లాద' 1931లో సరిగ్గా ఆ రోజే విడుదలైందని పెద్ద అక్షరాలతో వేయించాం. సభ ముగిసి కుర్చీలు సర్దుతుండగా పెద్ద వయసు సభ్యులొకరు వచ్చి, "సెన్సారే 1932 జనవరిలో అయిన బొమ్మ 1931లో ఎలా ఆడిందండీ?" అని అడిగారు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఏళ్ల తరబడి అందరూ రాస్తున్న తేదీ కాబట్టి మేమూ వేయించామన్నదే నిజం.

ఆ తరువాత కార్యవర్గం ఈ విషయాన్ని శ్రద్ధగా చదివింది. పాత్రికేయుడు రెంటాల జయదేవ నాటి పత్రికలను, సెన్సార్ వివరాలను పట్టుకుని తేల్చిన ప్రకారం ఈ చిత్రానికి 1932 జనవరి 22న బొంబాయిలో సెన్సార్ పూర్తయింది. 1932 ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా థియేటర్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ఈ ఆధారాన్ని బట్టి ఇకమీదట ఫిబ్రవరి 6నే తెలుగు టాకీ దినంగా జరపాలని తీర్మానించాం. తేదీ మారిస్తే మన సినిమా వయసు తగ్గిపోతుందని ఒకరిద్దరు బాధపడ్డారు. 'భక్త ప్రహ్లాద' తీసిన హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలోనే 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదలైన తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లో తెలుగు మాటలు, పాటలు ఉన్నాయి కనుక దాన్నే లెక్కలోకి తీసుకుందామని కూడా అన్నారు. ఆ చిత్రానికి దక్కవలసిన గౌరవం దక్కాల్సిందే కానీ, మొదటినుంచి చివరిదాకా తెలుగులో మాట్లాడిన బొమ్మ 'ప్రహ్లాద'యే కాబట్టి కార్యవర్గం ఆ సూచనను అంగీకరించలేదు.

2025 ఫిబ్రవరి 6న జరిగిన సభలో ఈ విషయాలన్నీ సభ్యులకు వివరించాం. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారనీ, సురభి నాటకమే తెరకెక్కిందనీ చెప్పినప్పుడు యువ సభ్యులు ఆసక్తిగా విన్నారు. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించిన నటుడు ఎల్.వి.ప్రసాద్ అని చెప్పగానే, ఆ పేరును థియేటర్ బోర్డు మీద తప్ప ఎరగనివారు ఆశ్చర్యపోయారు.

ఒక్క సినిమాకే ముహూర్తం, సెన్సార్, తొలి విడుదల, మన ఊరికి ఫిల్ము పెట్టె వచ్చిన రోజు అంటూ నాలుగు తేదీలుంటాయి. దేన్ని పుట్టినరోజు అనుకోవాలన్న తగువు 'శంకరాభరణం' 45 ఏళ్ల సభలోనూ వచ్చింది. జాతీయ పురస్కారాల్లో దాన్ని 1979 సంవత్సరపు చిత్రాల్లో లెక్కించారు. థియేటర్లకు వచ్చింది మాత్రం 1980 ఫిబ్రవరి 2న. అందువల్ల మేము ఫిబ్రవరి 2నే పాటించాం. ఆ చిత్ర దర్శకుడు కె.విశ్వనాథ్ గారు 2023లో కన్నుమూసింది కూడా అదే తేదీన కావడంతో ఆ సాయంత్రం పాటలన్నీ చప్పట్లు లేకుండానే సాగాయి.

నా మటుకు ఈ ఏడాది అన్నిటికన్నా గుర్తుండిపోయేది ఫిబ్రవరి 11, ఘంటసాల వర్ధంతి. ఒక సభ్యురాలు తమ తాతగారి గ్రామఫోనును పాత తువ్వాలులో చుట్టి ఆటోలో తెచ్చారు. ఆవిడే కీ ఇచ్చి, ముల్లు మార్చి, కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' రికార్డు పెట్టారు. మొదట కొంతసేపు చిటపట చప్పుడే వినబడింది. తరువాత ఘంటసాల గొంతు వచ్చింది. ఒక వైపు పూర్తయ్యాక రికార్డు తిప్పి, మళ్ళీ ముల్లు మార్చే దాకా హాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఫోన్లో ఒక్క వేలితో పాట మార్చుకునే పిల్లలు ఆ ముళ్ళ డబ్బా చుట్టూ మూగారు.

సెప్టెంబర్ 20న అక్కినేని నాగేశ్వరరావు గారి శతజయంతి జరిపాం. ఘంటసాల పుట్టిన చౌటపల్లి, అక్కినేని పుట్టిన రామాపురం రెండూ గుడివాడ చుట్టుపక్కలవే కావడం ఆ ప్రాంతపు సభ్యులు ఏ సభలోనూ చెప్పకుండా వదలని మాట. డిసెంబర్ 24న మహమ్మద్ రఫీ శతజయంతికి వచ్చినవారు తక్కువే అయినా, ఆయన తెలుగులో పాడిన 'నా మది నిన్ను పిలిచింది గానమై' పాటను అందరూ కలిసి పాడారు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న ప్రారంభమైన సందర్భాన్ని గుర్తు చేసుకునే కార్యక్రమం మాత్రం సరిగా సాగలేదు. సినిమా పాటల కార్యక్రమం 'చిత్రలహరి' రోజుల జ్ఞాపకాలు చెప్పమని మైకిస్తే, వీధి మొత్తానికి ఒకే టీవీ ఎవరింట్లో ఉండేదన్న వాదనతోనే సమయం అయిపోయింది. ఈసారి వక్తలను ముందుగా నిర్ణయిస్తాం.

వచ్చే ఏడాదికి 'షోలే' 50 ఏళ్ల సందర్భం (ఆగస్టు 15), ఈటీవీ 30 ఏళ్ల సందర్భం (ఆగస్టు 27), భానుమతీ రామకృష్ణ గారి శతజయంతి (సెప్టెంబర్ 7) అనుకున్నాం. భానుమతి గారు పాట, నటన, దర్శకత్వం, నిర్మాణం, కథారచన అన్నీ చేసిన మనిషి కనుక ఆమెకు ఒక సాయంత్రం చాలదని, రెండు రోజుల కార్యక్రమం పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఖర్చుకు సభ ఆమోదం కోరుతున్నాం. జమాఖర్చుల పత్రం వేరుగా జతచేశాం.

చివరిగా ఒక మనవి. థియేటర్ల దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు మీ ఇళ్లలో ఉంటే తెచ్చి చూపించండి. చాలావాటి మీద తేదీ ఉండదు, కానీ కొనుక్కున్నవారు వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకున్న తేదీలుంటాయి. మన ఊరికి ఏ సినిమా ఎప్పుడు వచ్చిందో తెలియజెప్పే పట్టికను వాటితోనే మొదలుపెట్టాం. ఫొటో తీసుకుని పుస్తకం అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.

కార్యదర్శి