సేవా ప్రాజెక్టు నివేదిక ఊరికి తిరిగి చేరాలి

సంపాదకుల వారికి,

మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం ముగిశాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరిట 180 గంటలు ఏదో ఒక గ్రామంలోనో వార్డులోనో పనిచేయాలి. అందుకు నాలుగు క్రెడిట్లు ఉంటాయి. 2020-21లో వచ్చిన కొత్త పాఠ్య ప్రణాళికలో ఇది చేరినప్పుడు, ఉద్యోగ విరమణకు దగ్గరపడిన రసాయన శాస్త్ర అధ్యాపకుడిగా నేను ఎంతో సంతోషించాను. 1969లో గాంధీజీ శతజయంతి వేళ 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం ఎంత గొప్పదైనా, ఇష్టపడి చేరినవారికే పరిమితం. ఈ ప్రాజెక్టు తరగతి మొత్తాన్ని ఊళ్లోకి పంపుతుంది.

అయితే జరుగుతున్నది చూస్తే మనసు చివుక్కుమంటోంది. ఊళ్లో ఇంటింటా తిరిగి నింపాల్సిన సర్వే ఫారాలను తమ ఇంట్లో కూర్చుని నింపేవారు ఉన్నారు. నిరుటి నివేదికకు అట్ట మార్చి, పేరు మార్చి జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించేవారూ ఉన్నారు. తప్పంతా పిల్లలదే అనలేను. బి.ఎస్సీ. విద్యార్థికీ బి.కాం. విద్యార్థికీ ఒకే సర్వే ప్రశ్నావళి చేతికిచ్చి పంపితే, తాను తరగతిలో చదివిన దానికీ ఆ ఊరికీ ఉన్న సంబంధం వారికి ఎలా తెలుస్తుంది? ఉపాధి హామీ పనులు జరిగే వేసవిలో ఉదయం పది గంటలకు వెళ్లి తలుపు తడితే, ఇంట్లో ఎవరుంటారు?

మా ప్రాంతపు అనుభవం ఒకటి చెబుతాను. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ వ్యాధిని దేశంలో తొలిసారి 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన ఈ మెట్ట పల్లెల్లోనే. అలాంటి ఒక పల్లెలో మా విద్యార్థిని రేషన్ కార్డు, మరుగుదొడ్డి, సెల్‌ఫోన్ గడులు నింపుకుంటుండగా ఆ ఇంటి ఇల్లాలు, పళ్ల మీద గోధుమ రంగు చారలున్న కొడుకును ముందుకు తోసి, "అదంతా సరేగానీ, మా బోరింగు నీళ్లు తాగొచ్చా, తాగకూడదా అమ్మా?" అని అడిగింది. ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. ఆ అమ్మాయి తిరిగొచ్చి నన్ను అడిగింది. మర్నాడు ఫ్లోరైడ్ పరీక్ష కిట్టు పట్టుకుని నలుగురు విద్యార్థులతో సాయంత్రం పూట వెళ్లాం. నీళ్లు కలపగానే గులాబీ రంగు ద్రావణం, ఫ్లోరైడ్ ఉందనడానికి గుర్తుగా, పసుపుకు తిరగడం చూసి చుట్టూ చేరినవారు మాట్లాడలేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదని తెలిసిన ఆ పిల్లలు, ఊళ్లోని బోర్లన్నిటి నీళ్లూ సీసాల్లో పట్టి తెచ్చి, కళాశాల ప్రయోగశాలలో మరోసారి పరీక్షించారు. పరిమితి మించిన బోరింగులకు పంచాయతీ కార్యదర్శి అనుమతితో ఎర్ర రంగు వేశారు. ప్రాక్టికల్స్‌లో ద్రావణాల గాఢత లెక్కను రెండుసార్లు తప్పు చేసిన విద్యార్థినే, ఆ వారంలో తోటివారి లెక్కలు సరిదిద్దింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత తృప్తి నాకు కొద్దిసార్లే కలిగింది.

సేవతో కూడిన చదువు అంటే ఇదేనని నా నమ్మకం. అందువల్ల సర్వే ప్రశ్నలను ఆయా సబ్జెక్టుల అధ్యాపకులే తయారు చేయాలి. కామర్స్ వారు పొదుపు సంఘాల లెక్కల పుస్తకాలు, వృక్షశాస్త్రం వారు పొలాల్లో తెగుళ్లు చూడవచ్చు. నలభై, యాభై మంది విద్యార్థులను ఒకే మార్గదర్శికి అప్పగించి, ఆ పనిని ఆయన బోధన గంటల్లో లెక్కించకపోతే పర్యవేక్షణ పేరుకే మిగులుతుంది. దీనిపై ఉన్నత విద్యామండలి స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైన విన్నపం మరొకటి ఉంది. నివేదికలు ఇప్పుడు కళాశాల బీరువాల్లో చేరుతున్నాయి. సమాచారం ఇచ్చిన ఊరికి అందులో ఏముందో తెలియదు. ప్రతి బృందమూ తాను కనుగొన్నదాన్ని రెండు పేజీల తెలుగులో రాసి, గ్రామసభలో చదివి వినిపించి, ఒక ప్రతిని గ్రామ సచివాలయంలో ఇచ్చిన తర్వాతే మార్కులు వేసేలా నిబంధన తేవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. నీళ్ల గురించి అడిగిన ఆ తల్లికి జవాబు రాతపూర్వకంగా అందాలి.

– విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు, కనిగిరి