పవర్ పెంచుకోమని మీరు చూపించిన రంపం అందుకు తగినది కాదు: చైన్ సా కంపెనీకి ఫిర్యాదు లేఖ

బెంగళూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
చైన్ సాల విభాగం

విషయం: మీ తెలుగు కరపత్రంలోని తప్పుడు సలహా, 62 సీసీ రంపం అసలు సైజు, "పవర్ కిట్" వల్ల పట్టేసిన ఇంజన్ల గురించి.

అయ్యా,

ఎస్.జె.పి. రోడ్డు చుట్టుపక్కల చైన్ సాలు రిపేరు చేసే తెలుగు మెకానిక్‌లం కలిసి రాస్తున్న ఫిర్యాదు ఇది. కోలారు, హోసూరు, హిందూపురం, మదనపల్లె వైపు చెట్లు కోసే పనివాళ్లు రంపాలు ఇక్కడే కొంటారు, పాడైతే ఇక్కడికే తెస్తారు. వాళ్ల కోసం మీరు తెలుగులో కరపత్రం వేసి డీలర్ల దగ్గర పెట్టారు. జవాబు కూడా వాళ్లు చదువుకోగలిగే భాషలోనే రావాలని తెలుగులోనే రాస్తున్నాం.

"ఎక్కువ పవర్ కావాలా? మా 62 సీసీ రంపం తీసుకోండి, పవర్ కిట్ బిగించండి" అని మీ కరపత్రం చెబుతోంది. ఈ మాటలో రెండు తప్పులున్నాయి. ఆ రంపం 62 సీసీ కాదు. మీ మోడళ్లలో డబ్బు పెట్టి పవర్ పెంచుకోవడానికి తగినది కూడా అది కాదు.

ముందు సీసీ సంగతి, అంటే పిస్టన్ నడిచే మేర సిలిండర్ లోపలి పరిమాణం. సిలిండర్ ఊడదీసి వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 45.2 మిల్లీమీటర్లు. పిస్టన్ పై చివర నుంచి కింది చివరకు నడిచే దూరం (స్ట్రోకు) 34 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 54.6 సీసీ వస్తుంది. డబ్బా మీద, స్టార్టర్ కవర్ మీద, వారంటీ కార్డు మీద మాత్రం 62 అని ఉంది. కొలత పనిముట్ల తేడా వల్ల అర సీసీ అటూ ఇటూ అయితే అర్థం చేసుకుంటాం. ఏడు సీసీలకు పైగా తేడాను అలా సరిపెట్టుకోలేం. పవర్ పెంచాలనుకునేవాడు అందరికంటే ముందు చూసేది ఈ అంకెనే, అదే అబద్ధమైతే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

ఇక కిట్. అందులో ఉన్నవి మూడు: 24 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న సైలెన్సర్ మూత, పల్చటి స్పాంజి ఎయిర్ ఫిల్టర్, చైన్‌ను తిప్పే 8 పళ్ల స్ప్రాకెట్. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ గురించి ఒక్క ముక్క లేదు. ఇంజన్‌ను చంపుతున్నది ఈ లోటే. ఈ రంపం సిలిండర్‌లో ఎగ్జాస్ట్ పోర్టు (కాలిన పొగ బయటికి వచ్చే రంధ్రం) వైశాల్యం సుమారు 340 చదరపు మిల్లీమీటర్లు. మీ మూత రంధ్రం 452. పొగ బయటికి పోయే దారి పోర్టు కంటే పెద్దదైతే పవర్ పెరగదు, చప్పుడు పెరుగుతుంది. పైగా టూ స్ట్రోక్ ఇంజన్‌లో సైలెన్సర్ కొంత ఎదురు ఒత్తిడి ఇస్తేనే, కాలకుండా బయటికి జారిపోయే పెట్రోలు మిశ్రమం కొంతైనా లోపల నిలుస్తుంది. పోర్టు వైశాల్యంలో 70 నుంచి 80 శాతం వరకు తెరిస్తే చాలు.

అలా తెరిచినప్పుడు కూడా ఇంజన్ ఎక్కువ గాలి లాగుతుంది, దానికి తగినంత పెట్రోలు అందించాలి. అందుకు కార్బురేటర్‌లో హెచ్ స్క్రూ, అంటే పూర్తి వేగంలో అందే పెట్రోలును సరిచేసే స్క్రూ, ఉండాలి. ఇప్పుడు మీరు అమ్ముతున్న 62 లాట్‌లో ఆ స్క్రూనే లేదు, పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఫిక్స్‌డ్, మార్చడానికి వీల్లేదు. అంటే కిట్ బిగించిన క్షణం నుంచి మిశ్రమం పల్చబడుతుంది, దాన్ని సరిచేసే దారి మెకానిక్‌కు కూడా లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు (ఈ20). ఉత్త పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 కిలోలు చాలు. అదే జెట్‌తో నడిపితే మిశ్రమం ఇంకా పల్చనే. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఎత్తు తేడా ఒకటి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి పల్చన. ఇక్కడ సరిగ్గా నడిచిన రంపాన్ని చెన్నైకో నెల్లూరుకో తీసుకెళ్తే, అక్కడి చిక్కటి గాలికి పెట్రోలు చాలదు. ఈ మూడూ కలిసినప్పుడు రంపం మొదట్లో ఈల వేసినట్టు హుషారుగా తిరుగుతుంది. కొన్నవాడు దాన్ని పవర్ అనుకుంటాడు. రెండు మూడు ట్యాంకుల తర్వాత వేడి మీద ఆగిపోతుంది, మళ్లీ తాడు లాగితే రాదు.

ఊడదీసి చూస్తే పిస్టన్ కథ చెబుతుంది. ఈ కిట్ బిగించాక పట్టేసి మాకు వచ్చిన మూడు 62 రంపాల్లోనూ ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువు గీతలున్నాయి, అల్యూమినియం సిలిండర్ గోడకు అతుక్కుంది, రింగు గాడిలో ఇరుక్కుపోయింది. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు పిస్టన్ నిగనిగలాడుతూ ఉంది. ఆయిల్ కలపకుండా నడిపితే గీతలు చుట్టూ పడతాయి. ఫిల్టర్ దాటి దుమ్ము పోతే ఇన్‌టేక్ వైపు అరుగుతుంది. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే కాలిందంటే కారణం పల్చటి మిశ్రమం, దాని వేడి. "కస్టమర్ ఆయిల్ సరిగ్గా కలపలేదు" అని మీ సర్వీస్ సెంటర్ రాసిచ్చిన మూడు కాగితాలూ ఈ గుర్తులకు నిలవవు. ఆ పిస్టన్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీ ఇంజనీరును పంపండి, పక్కన కూర్చుని చూపిస్తాం.

సైలెన్సర్ మూతతో ఇంకో ప్రమాదం. దాని నోరు పక్కకు తిరిగి ఉంది. పొగ నేరుగా చైన్ కవర్ మీద కొడుతోంది. ఒక రంపంలో ఆ ప్లాస్టిక్ కరిగి బార్ (చైన్ తిరిగే పట్టీ) నట్టు చుట్టూ గడ్డకట్టింది, స్పానర్ కూడా ఎక్కలేదు. నిప్పురవ్వలు ఆపే జాలీ తీసేయమని కిట్ కాగితంలో రాశారు. ఎండాకాలంలో నీలగిరి చెట్ల తోటల్లో ఎండుటాకు మడమ లోతున పరుచుకుని ఉంటుంది. అక్కడ జాలీ లేని రంపం నడపమని ఏ కంపెనీ చెప్పకూడదు. ఆ వాక్యాన్ని వెంటనే కొట్టేయండి.

మీ కరపత్రం నిజానికి చెప్పాల్సింది ఏమిటో కూడా రాస్తాం. పవర్ పెంచడానికి ఏ రంపం మేలు అన్నది సీసీని బట్టో, ధరను బట్టో తేలదు. క్రాంక్ కేసు (పిస్టన్ కింద క్రాంకు తిరిగే డొక్క) లోహంతో పోసిందా, సిలిండర్ విడిగా ఊడుతుందా, దాని కింద గ్యాస్కెట్ (మధ్యలో పెట్టే పల్చటి పొర) ఉందా, కార్బురేటర్ స్క్రూలు తిప్పడానికి వీలుందా, విడిభాగాలు దొరుకుతాయా, వీటన్నిటినీ మించి కంపెనీ ఆ ఇంజన్‌ను కావాలని ఎక్కడైనా నొక్కిపెట్టిందా అని చూడాలి. నొక్కిపెట్టిన చోట వదిలితే పవర్ తేలిగ్గా వస్తుంది. ఇప్పటికే అంచున ఉన్న ఇంజన్‌ను ఇంకా పిండితే చెడుతుంది.

మీ 38 సీసీ రంపం పెరటి పనికి మంచిదే. కానీ దాని సిలిండర్ అడుగు భాగమే క్రాంక్ బేరింగులను పట్టుకుంటుంది, చుట్టూ ఉన్నది ప్లాస్టిక్ డొక్క. దాని మీద ఖర్చు దండగ. 62గా అమ్ముతున్నదానికి లోహపు కేసు ఉన్నా, కార్బురేటర్ ఫిక్స్‌డ్, పోర్టుల అంచులు గరుకు, సిలిండర్ పూత ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ పొంతన లేదు. పోర్టు వెడల్పు చేద్దామని గ్రైండర్ పెడితే ఆ పూత పెచ్చులూడి రింగును తినేస్తుంది.

మీ 65 సీసీ రంపమే అసలు సరుకు. బోరు 48, స్ట్రోకు 36, లెక్కకు 65.1 సీసీ. డబ్బా మీద రాసిందీ అదే, ఇక్కడ మిమ్మల్ని మెచ్చుకోవాలి. మీ 71 సీసీ రంపానికి ఉన్నదీ ఇదే క్రాంక్ కేసు, ఇదే క్రాంకు, ఇదే క్లచ్చు. తేడా సిలిండర్, పిస్టన్ మాత్రమే. 50 మిల్లీమీటర్ల బోరు పెడితే 70.7 సీసీ అవుతుంది. హస్క్‌వర్నా కంపెనీ పాత 365, 372 ఎక్స్‌పీ రంపాలదీ ఇదే పద్ధతి, 48 నుంచి 50కి మార్చుకోవడం ప్రపంచమంతా మెకానిక్‌లకు తెలిసిన పని. మీ 65 సైలెన్సర్‌కు ఒకే ఒక 13 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది, 133 చదరపు మిల్లీమీటర్లు. పోర్టు మాత్రం దాదాపు 380. అంటే మూడో వంతు దారిలోనే ఇంజన్ ఊపిరి వదులుతోంది. ఎదురు వైపు ఇంకో 13 మిల్లీమీటర్ల రంధ్రం, లోపల జాలీతో సహా, ముందుకు వంచిన చిన్న గొట్టంతో పెడితే 70 శాతం అవుతుంది. సరిగ్గా కావలసింది అంతే.

వరస కూడా ముఖ్యం, కరపత్రంలో వేయదలిస్తే వేసుకోండి. ముందు చైన్ పదును చూడాలి. 3/8 అంగుళం చైన్‌కు 5.5 మిల్లీమీటర్ల ఆకురాయి, కోసే పన్ను కంటే దాని ముందున్న పన్ను 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. మొద్దు చైన్‌తో వచ్చి పవర్ చాలడం లేదనేవాళ్లలో చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది. తర్వాత సైలెన్సర్, ఇన్‌టేక్ దారులు మూసి క్రాంక్ కేసులోకి 0.5 బార్ గాలి ఎక్కించి నిలుస్తుందో లేదో చూడాలి. సీలు లీకున్న ఇంజన్‌ను ట్యూన్ చేయడం వృథా. ఆపై ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి సోల్డర్ తీగ సిలిండర్ గోడకు ఆనేదాకా పెట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన కొసను కొలవాలి, పిస్టన్‌కూ సిలిండర్ తలకూ మధ్య ఉన్న ఖాళీ అదే. మీ 65లో 1.0 మిల్లీమీటర్ వస్తోంది. 0.5 మిల్లీమీటర్ల బేస్ గ్యాస్కెట్ బదులు 0.15ది వేస్తే 0.65కు దిగుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది. 0.5 కంటే తగ్గించకూడదు, పూర్తి వేగంలో పిస్టన్ సిలిండర్ తలకు తగులుతుంది. ఆ తర్వాతే సైలెన్సర్. చివరగా హెచ్ స్క్రూ, ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు తెరుస్తూ పోవాలి. లోడు లేకుండా పూర్తి త్రాటిల్‌లో బర్ర్‌మని తడబడాలి, దుంగలో దించగానే ఆ తడబాటు పోయి స్వరం శుభ్రంగా పలకాలి. ఇంజన్ వేగం కొలిచే టాకోమీటర్‌లో మీ మాన్యువల్ చెప్పిన గరిష్ఠం దాటకూడదు. ఎత్తు మారితే మళ్లీ చూడాలి. 8 పళ్ల స్ప్రాకెట్ ఆఖరున, అదీ చిన్న బార్‌కు మాత్రమే. చింత, తుమ్మ కోసేవాళ్లకు అది వద్దు, వేగం పెరుగుతుంది కానీ లాగే బలం తగ్గుతుంది.

ఇంత మంచి ఇంజన్ మీ దగ్గర ఉన్నా దాని 50 మిల్లీమీటర్ల సిలిండర్ సెట్‌ను మీరు విడిగా అమ్మరు. "పూర్తి ఇంజనుగానే ఇస్తాం" అని డీలరు చెబుతున్నాడు. అందుకే జనం బయట దొరికే పేరులేని సిలిండర్లు వేసుకుంటున్నారు, వాటి పోర్టు అంచులకు చాంఫర్ (పదును తీసిన ఏటవాలు) కూడా ఉండదు. లాభం ఉన్న చోట విడిభాగం ఆపి, నష్టం ఉన్న చోట కిట్ అమ్మడం ఏం న్యాయం? పవర్ సంగతి దేవుడెరుగు, కొన్నవాళ్లకు అసలుకే ఎసరు వచ్చింది.

మేం అడుగుతున్నవి ఇవి. ఇలా పాడైన మూడు రంపాలకు కొత్త సిలిండర్, పిస్టన్, హెచ్ స్క్రూ ఉన్న కార్బురేటర్ మీ ఖర్చుతో బిగించాలి, కిట్ ధర 1,850 రూపాయల చొప్పున వాపసు ఇవ్వాలి. బిల్లుల నకళ్లు, కొలతల ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాం. 62 అన్న అంకెను డబ్బా మీద, కరపత్రంలో సరిదిద్దాలి. ఆ రంపానికి పవర్ కిట్ అమ్మకం ఆపాలి, ఇప్పటికే కొన్నవాళ్లకు డీలర్ల ద్వారా కబురు పంపాలి. 65కు 50 మిల్లీమీటర్ల సిలిండర్ సెట్, 0.15 గ్యాస్కెట్ బెంగళూరు డిపోలో నిల్వ పెట్టాలి.

ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఈ రంపాలు కొన్నవాళ్లు సొంత చేతులతో కూలి పని చేసుకుని బతికేవాళ్లు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్న వస్తువు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాళ్లకు వర్తిస్తుంది, తప్పుదారి పట్టించే ప్రకటన కూడా అదే చట్టం కిందికి వస్తుంది. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పిస్టన్లతో సహా వెళ్తాం. అంతకంటే ముందు మీ ఇంజనీరు ఒకసారి వచ్చి వెర్నియర్ తన చేత్తోనే పట్టుకుని కొలవాలని కోరుతున్నాం. ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పది నుంచి సాయంత్రం ఏడు వరకు అందుబాటులో ఉంటాం.

ఇట్లు,
చైన్ సా రిపేరు మెకానిక్‌లు,
ఎస్.జె.పి. రోడ్డు, బెంగళూరు