పిల్లల మాట పిల్లలనే మాట్లాడనివ్వండి

వక్తృత్వ పోటీల్లో పిల్లలు ఎవరో రాసిచ్చిన ప్రసంగాన్ని అప్పజెప్పడం మామూలైపోయింది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి జయంతి రోజు, ఆగస్టు 29న, మా దగ్గరి బడిలో తెలుగు భాషా దినోత్సవ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. ముగ్గురు పిల్లలు అచ్చంగా ఒకే వాక్యంతో మొదలుపెట్టారు. ఒక పాప మధ్యలో ఆగిపోయి, ముందు వరుసలో కూర్చున్న నాన్న వైపు చూసింది. ఆయన పెదాలు కదుపుతూ తర్వాతి మాట అందిస్తున్నారు. ఆ చిన్న ముఖంలో టెన్షన్ చూసి కడుపు తరుక్కుపోయింది. ఇంకో బాబు వాళ్ల నాయనమ్మ వాడే సామెతల గురించి తడబడుతూనే సొంతంగా చెప్పాడు. మాకిచ్చిన మార్కుల కాగితంలో ఉచ్చారణకు, హావభావాలకు గడులున్నాయి, సొంత ఆలోచనకు లేదు. పైగా కలాం, వివేకానంద ఎన్నడూ అనని మాటలు వాళ్ల పేరుతో చెప్పేసినా అడిగేవాళ్లు లేరు. అది తప్పని పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది? విద్యాశాఖ ఈ పోటీల నియమాలు మార్చాలి. అంశాన్ని అరగంట ముందు మాత్రమే ఇచ్చి, చిన్న చీటీ మీద ముఖ్యాంశాలు రాసుకోనివ్వాలి. ఎవరి మాట వాడినా ఎక్కడ చదివారో చెప్పించాలి. ప్రసంగం అయ్యాక న్యాయనిర్ణేతలు రెండు ప్రశ్నలు అడిగి, సగం మార్కులు ఆ జవాబులకే వేయాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి