కార్డుల నిషేధానికి ముందే ప్రకటించిన తేదీ ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బెంగళూరులో సెలవు రోజుల్లో మ్యాజిక్: ద గ్యాదరింగ్, యు-గి-ఓ, పోకెమాన్ వంటి కార్డుల ఆటల పోటీలు జరుగుతున్నాయి. మన తెలుగు కుటుంబాల పిల్లలు, ఇక్కడి ఐటీ ఉద్యోగులు వాటిలో ఉత్సాహంగా పాల్గొంటున్నారు. ఒక్కో డెక్కు (ఆటగాడు ఆడేందుకు తెచ్చుకునే కార్డుల కట్ట) కూర్చడానికి వేల రూపాయలు ఖర్చవుతున్నప్పుడు, అందులోని కార్డు రేపటి నుంచి చెల్లదని ఎవరు, ఎలా తేలుస్తారన్నది పిల్లల వ్యవహారమని కొట్టిపారేయదగింది కాదని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. మ్యాజిక్‌లో సాధారణంగా ఒకే పేరుగల కార్డును డెక్కులో నాలుగు వరకు, యు-గి-ఓలో మూడు వరకు పెట్టుకోవచ్చు. నిషేధిత పట్టికలో చేరిన కార్డును అసలు వాడకూడదు. పరిమిత పట్టికలో చేరితే ఒక్కటే వాడాలి. యు-గి-ఓలో రెండింటికి అనుమతించే మధ్యస్థ పట్టిక కూడా ఉంది. 1993లో వచ్చిన మ్యాజిక్‌కు మరుసటి ఏడాదే ఇటువంటి పట్టికలు అవసరమయ్యాయి. కార్డు మరీ బలమైనది కావడం ఒక్కటే కారణం కాదు. మ్యాజిక్ పోటీల్లో ఏ కార్డులు చెల్లుతాయన్నదాన్ని బట్టి వేర్వేరు విభాగాలుంటాయి; సెన్సైస్ డివైనింగ్ టాప్ అనే కార్డును 2017లో లెగసీ అనే విభాగంలో నిషేధించినప్పుడు, అది ప్రతి ఆటనూ సాగదీసి పోటీ సమయాన్ని తినేస్తోందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. జాతి వివక్షను సూచించే బొమ్మలు, పేర్లు ఉన్నాయని 2020లో ఏడు పాత కార్డులను అన్ని విభాగాల్లోనూ తొలగించారు. గెలిచినవాడు ఓడినవాడి కార్డు తీసుకుపోయేలా పందెం పెట్టించే కార్డులనైతే తొలినాళ్లలోనే పోటీల నుంచి తప్పించారు. పేకాట మీద మన రాష్ట్రాల చట్టాలు తెలిసినవారికి దీన్ని వేరుగా వివరించనక్కరలేదు.

చిక్కంతా నిర్ణయించేది ఎవరన్న దగ్గర ఉంది. మ్యాజిక్ కార్డులను అచ్చువేసి అమ్మే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీయే పట్టికనూ రాస్తుంది. 2019 అక్టోబరులో విడుదలైన ఓకో, థీఫ్ ఆఫ్ క్రౌన్స్ కార్డును నెలన్నర తిరగకుండానే నవంబరులో, ఇటీవలి కార్డులే చెల్లే స్టాండర్డ్ విభాగంలో నిషేధించారు. తమ సరుకు తామే తప్పుపట్టుకోవడం మెచ్చుకోదగినదే గాని, ఆ నెలన్నరలో కొన్నవారి డబ్బు మాత్రం తిరిగిరాలేదు. అంతకుముందు 2017 ఏప్రిల్‌లో స్టాండర్డ్‌లో మార్పులేవీ లేవని ప్రకటించిన రెండు రోజులకే, ఆన్‌లైన్ ఆటల లెక్కలు చూశామంటూ ఫెలిడార్ గార్డియన్‌ను నిషేధించారు. ఆ లెక్కలు పూర్తిగా ఉండేది కంపెనీ దగ్గరే కనుక ఆటగాడు నమ్మడమే తప్ప సరిచూసుకునే వీలు లేదు.

అలాగని, అమ్మకంతో సంబంధం లేనివారికి అప్పగిస్తే సరిపోతుందనీ చెప్పలేము. కమాండర్ అనే విభాగానికి చాలాకాలం స్వచ్ఛంద ఆటగాళ్ల కమిటీ ఒకటి నియమాలు చూసేది. 2024 సెప్టెంబరు 23న ఆ కమిటీ మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ సహా నాలుగు కార్డులను ఒక్కసారిగా నిషేధించింది. ఆట మరీ వేగంగా ముగిసిపోతోందన్న వారి వాదనలో పస ఉంది. అయితే ఎంతో ధర పెట్టి కొన్నవారికి ఇది పిడుగుపాటైంది. కొందరు సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం రోజులకే ఆ విభాగం బాధ్యత కంపెనీ చేతికి వెళ్లింది. బెదిరించినవారిని ఏ కారణంతోనూ సమర్థించలేము.

ఏ కార్డు పోతుందో ముందుగా చెప్పమని నేను కోరడం లేదు. చెబితే తెలిసినవారు తెలియనివారికి అంటగట్టి తప్పుకుంటారు. తెలియవలసింది తేదీ. మన రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీని చూడండి: ఆరుగురు సభ్యులు ఏ రోజుల్లో సమావేశమవుతారో ఏడాదికి సరిపడా ముందే ప్రకటిస్తారు, వడ్డీ రేటు మాత్రం ఆ రోజే బయటపడుతుంది, ఎవరు ఎటు ఓటు వేశారో, ఎందుకు వేశారో పద్నాలుగో రోజున వెలువడే సమావేశ వివరాల్లో ఉంటుంది. మ్యాజిక్ కంపెనీ కొంతకాలంగా ఒక ప్రకటనలోనే తదుపరి ప్రకటన తేదీ చెబుతోంది, కార్డు వారీగా కారణాలూ రాస్తోంది. యు-గి-ఓ విషయంలో, దాన్ని నడిపే జపాను కంపెనీ కొనామి పాశ్చాత్య దేశాలకు విడుదల చేసే పట్టికల్లో సాధారణంగా కార్డుల పేర్లే తప్ప కారణాలు కనబడవు. పైగా 2013 నుంచి జపాను పట్టిక వేరు, అమెరికా తదితర పాశ్చాత్య దేశాల పట్టిక వేరు. మాక్స్ సీ కార్డు అమెరికా పట్టికలో నిషేధంలో ఉండగానే జపానులో ఏళ్ల తరబడి పోటీల్లో వాడుతూ వచ్చారు.

విదేశీ కంపెనీలను మనం శాసించలేము గాని, మన నగరంలోని నిర్వాహకులు చేయగలిగింది ఒకటుంది. పోటీ ప్రకటనలో రుసుము, బహుమతి ఎంతో రాసినట్లే, ఏ దేశపు పట్టిక, ఏ తేదీ నాటిది పాటిస్తారో కూడా రాయాలి. ప్రకటించిన నాటికీ పోటీ నాటికీ మధ్య కొత్త పట్టిక వస్తే ఏది వర్తిస్తుందో, అప్పటికే రుసుము కట్టినవారు తప్పుకుంటే డబ్బు వాపసు ఇస్తారో లేదో అందులోనే తెలపాలి. తల్లిదండ్రులు కూడా డబ్బు కట్టే ముందు ఈ సంగతులన్నీ అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు.