ఒక్క శనివారం రా బావా

ఒరేయ్ బావా,

ఈ కవరు విప్పగానే "వీడికేమైనా పిచ్చా, నాకు ఉత్తరం రాయడమేంటి" అనుకుంటావని తెలుసు. అందుకే లైను వదిలి లైను రాశాను. అక్షరాలు శనగగింజలంత లావుగా పెట్టాను, ఒత్తుల్ని ఇరికించలేదు. అయినా విసుగొస్తే పక్కన పడెయ్. ఇదంతా వాట్సాప్‌లో వాయిసు కూడా పెడుతున్నాను, మోటారు చుట్టుకుంటూ వినొచ్చు. కాగితం మీద ఎందుకు రాశానంటే, ఫోనులో ఈ సంగతి ఎత్తగానే నువ్వు మాట మార్చేస్తావు. ఇంకొకటి కూడా ఉంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు మన బ్యాచ్‌లో అందరికీ ఉత్తరాలు రాశాను, నీకు తప్ప. వాడికి రాసి ఏం లాభంలే అనుకున్నాను. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

పోయిన నెల తణుకులో నీ మోటారు వైండింగ్ షాపుకొచ్చి మూడు గంటలు కూర్చున్నాను కదా. ఆ మూడు గంటల్లో నలుగురు బిల్లు అడిగారు. నాలుగుసార్లూ "చేతులకి వార్నిష్ అయ్యింది, నువ్వు రాయరా" అని బిల్లు పుస్తకం నీ దగ్గర పనిచేసే కుర్రాడికి తోశావు. చివరిసారి నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి, అప్పుడే కడుక్కొచ్చి టీ తాగావు. నేను చూశాను. నేను చూశానని నువ్వూ చూశావు. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

అదే మధ్యాహ్నం ఒక రైతు కాలిపోయిన మోటారు తెస్తే, 36 స్లాట్ల స్టేటరుకి ఏ కాయిలు ఎక్కడ పడాలో ఒక్క కాగితం చూడకుండా చుట్టేశావు. పక్కన రేడియో పాట, నోట్లో వక్కపొడి. ఇంటికొస్తూ బస్సులో ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మా మెకానిక్ గుర్తొచ్చాడు.

మెకానిక్ అంటే మా బడిలో నాలుగో తరగతి పిల్లాడు. పేరు వద్దులే, అందరం అలాగే పిలుస్తాం. వాళ్ల నాన్న రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు, చెరువుగట్టు మీదే ఇల్లు. ఒకటో తరగతి నుంచి వీడికి గుణింతం ఎక్కలేదు. నేనేం చేసేవాణ్ణో చెప్పనా, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. నా పుస్తకంలో వాడి పేరు పక్కన ఒక చుక్క పెట్టుకున్నాను. ఎవరైనా తనిఖీకి వస్తే ఆ చుక్క ఉన్నవాళ్లని లేపి చదివించకూడదని నాకు నేను పెట్టుకున్న గుర్తు అది. అలా మూడేళ్లు నడిచింది.

ఒకరోజు మధ్యాహ్న భోజనాలప్పుడు చెరువుల వైపు నుంచి నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ల చప్పుడు వస్తోంది. వీడు ముద్ద చేతిలో పట్టుకుని "సార్, మా మూడోదానికి బేరింగు పోయింది" అన్నాడు. నేను నవ్వేశాను. సాయంత్రం బడి వదిలాక చూస్తే వాళ్ల నాన్న రెండు హెచ్‌పీ మోటారుని మోపెడ్‌కి కట్టుకుని రిపేరుకి పోతున్నాడు. అడిగితే బేరింగే అన్నాడు.

అరడజను మోటార్ల చప్పుడులో ఒక్కదాని గొంతు పట్టేసినవాడికి 'ద'కీ 'ధ'కీ తేడా తెలియకపోవడమేమిటి? ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

మా మండలంలో భవిత కేంద్రం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. అక్కడి టీచరమ్మని పిలిస్తే ఒక పొట్లంలో చింతపిక్కలు పట్టుకొచ్చింది. ఇంకేం పరికరాలు లేవు. 'పలక' అని చెప్పి, ఎన్ని ముక్కలుంటే అన్ని పిక్కలు పెట్టమంది. వాడు మూడు పెట్టాడు. మధ్య పిక్క తీసేసి, "ఇప్పుడు చదువు" అంది. చుట్టూ ఉన్న పిల్లలు "పక" అని అరిచి పకపకా నవ్వారు. వీడు పిక్కల వంక చాలాసేపు చూసి, "పలక విరిగిపోయింది మేడమ్" అన్నాడు.

ఆమె నాకు విడమరిచి చెప్పింది. వాడి చెవి బాగానే ఉంది, కన్నూ బాగానే ఉంది. మాటలోని శబ్దాల్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కని ఒక్కో ఆకారానికి ముడేసే దగ్గర వాడికి పేచీ. చదవడంలో ఇలాంటి ఇబ్బందిని డిస్లెక్సియా అంటారట. తెలివికీ దానికీ సంబంధం లేదు. నేను అప్పటిదాకా కళ్లజోడు పెట్టిస్తే సరిపోతుందనుకున్నాను, కంటి పరీక్షల క్యాంపుకి కూడా పంపాను. పైగా మన తెలుగు చూడు. చెప్పినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం, ఆ విషయంలో ఇంగ్లీషు కంటే వెయ్యి రెట్లు నయం. కానీ ఆకారాల దగ్గర మాత్రం పిల్లల ప్రాణం తీస్తుంది. 'ద' కింద గీత పెడితే 'ధ', పొట్టలో చుక్క కూడా పెడితే 'థ'. 'త' ఒత్తుకి 'త' పోలికే ఉండదు, 'మ' ఒత్తుకి 'మ' పోలిక ఉండదు. ఒక్కో హల్లుకి పన్నెండేసి గుణింతాలు వేసుకుంటే ఒత్తుల జోలికి పోకుండానే 400 ఆకారాలు దాటతాయి. మనకి ఇవన్నీ ఎప్పుడొచ్చాయో కూడా గుర్తులేదు కాబట్టి అందరికీ అలాగే వస్తాయనుకుంటాం.

ఇంతలో ఒక శిక్షణలో ఓ కథ విన్నాను, నీకు చెప్పాలి. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు ఒక పిల్లాడి గురించి వైద్యుల పత్రికలో రాశాడు. పిల్లాడి పేరు పెర్సీ, వయసు 14. లెక్కలు బాగానే చేస్తాడు, ఆటల్లో చురుకు, చదవడం మాత్రం రాదు. తన పేరు రాయమంటే అక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని రాశాడట. వాళ్ల మాస్టారు ఏమన్నాడంటే, పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తానికి వీడే తెలివైనవాడు అని.

ఈ కథ వింటుంటే అందరూ నోట్సు రాసుకుంటున్నారు. నేను మాత్రం మన బడి బెంచీ మీదకి పోయాను. నీ పేరులో ఉన్న ఆ ఒక్క ఒత్తునీ నువ్వు పక్క అక్షరానికి పెట్టేవాడివి, గుర్తుందా? ప్రతి పరీక్షలోనూ. మన తెలుగు మాస్టారు దాన్ని గట్టిగా చదివి వినిపించి క్లాసుని నవ్వించేవాడు.

డిక్టేషన్ రోజు కూడా గుర్తుండే ఉంటుంది. 'స్వాతంత్ర్యం' ఇచ్చాడు. నువ్వు 'సాతంతం' అని రాశావు. (ఆ మాట ఇప్పటికీ సగం మంది టీచర్లు తప్పే రాస్తారు, నన్ను కూడా కలుపుకో.) సరిగ్గా రాసినవాడు తప్పు రాసినవాడి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి కదా మన క్లాసులో. నేను మెల్లగా తాకించాను. "అలా కాదురా కొట్టడం" అని మాస్టారు నాకొకటి ఇచ్చి చూపించాడు. రెండోసారి నేను గట్టిగా కొట్టాను. నీ కళ్లలో నీళ్లొచ్చాయి. ఇంటర్వెల్‌లో నువ్వే వచ్చి జేబులో జీళ్లు పెట్టి "నొప్పెట్టలేదులేరా" అన్నావు. బావా, మనం ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను మాత్రం మర్చిపోలేదు. ఏడో తరగతిలో నువ్వు బడి మానేసి వైండింగ్ షాపులో చేరితే ఊరంతా "వాడికి చదువు అబ్బలేదు" అంది. నేనూ అన్నాను.

నీది ఫలానా జబ్బు అని నేను అనడం లేదు. అసలు జబ్బే కాదు. అదేమిటో తేల్చాల్సింది సైకాలజిస్టు, పరీక్ష చేయకుండా నేను చెప్పకూడదు. మన రోజుల్లో దానికి చట్టంలో పేరే లేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే రాశారు, ఇది లేదు. 2016 చట్టంలో 21 చేశారు, అందులో ఇది చేరింది. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు, పరీక్షల్లో అదనపు సమయం, చెబుతుంటే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. మెకానిక్‌కి ఆ కాగితాల పని నడుస్తోంది. కొట్టకూడదని కూడా 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మనం కాస్త తొందరపడి పుట్టాం, అంతే.

ఇక మేం ఏం చేస్తున్నామంటే, నువ్వు నవ్వుతావు. ఇసుక పళ్లెం. వేలితో అక్షరం దిద్దుతూ పైకి పలకాలి. కన్ను, చెవి, నోరు, వేలు నాలుగూ ఒకేసారి పనిచెయ్యాలి. వీధిబడిలో మా తాతయ్య ఇసుకలో దిద్దిన చదువే ఇది, శిక్షణకి పోయి నేర్చుకొచ్చాను! రోజుకి ఒక్క అక్షరం, ఒక్కోసారి వారానికి ఒకటి. పాత శుభలేఖ అట్టకి సన్నటి కిటికీ కోసి పుస్తకం మీద పెడతాం, ఒక్క లైనే కనిపిస్తుంది, మిగతా అక్షరాల గుంపు మీద పడదు. డిక్టేషన్ వాడికి ఆపేశాను. సైన్సు, పరిసరాలు నోటితో అడుగుతాను. క్లాసులో అందరికంటే ముందు చెప్పేది ఇప్పుడు వాడే. పెర్సీ వాళ్ల మాస్టారు చెప్పింది నిజమేరా.

అన్నీ ఇలాగే జరుగుతున్నాయనుకోకు. మూడో తరగతిలో ఒక పిల్ల ఉంది, కథ చెప్పిందంటే నోరు తెరుచుకుని వినాలి. అంకెలు మాత్రం ఎక్కవు. ఏడు పెద్దదా తొమ్మిది పెద్దదా అంటే ఇప్పటికీ నా ముఖం చూసి ఊహించి చెబుతుంది. పిక్కలు, పుల్లలు, గవ్వలు, వైకుంఠపాళి అన్నీ అయ్యాయి. ఏదీ అంటడం లేదు. పోయిన వారం నాకే విసుగొచ్చి గసిరాను. ఆ పిల్ల మర్నాడు బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని తెచ్చుకున్నాను.

పిల్లలకి ధైర్యం చెప్పడానికి కొందరు "ఫలానా శాస్త్రవేత్త కూడా ఇలాంటివాడేనట" అంటుంటారు. ఆ మాట నాకు రుచించదు. ఎప్పుడో పోయిన మహానుభావుడి బుర్రని ఎవరు పరీక్షించారు? అదీగాక చెరువుగట్టు పిల్లాడికి శాస్త్రవేత్త అయితేనే బతుకు అన్నట్టు చెప్పడం ఏం న్యాయం?

వాడికి ఆశ ఎలా పుట్టిందో నేను కళ్లారా చూశాను. ఆర్నెల్ల తర్వాత ఒక సాయంత్రం ఇంట్లో మేత సంచి మీద 'రొయ్యల మేత' అని కూడబలుక్కుని చదివాడట. ఆ 'య్య' దగ్గర ఎంతసేపు ఆగాడో. మర్నాడు పొద్దున వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "చదివాడండి" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆయన వేలిముద్ర మనిషి. ఆ తర్వాత వారం చూస్తే మెకానిక్ ఎక్కడో శుభలేఖ సంపాదించి, తనే కిటికీ కోసి, రెండో తరగతిలో ఏడుస్తున్న ఒకడికి ఇచ్చి "దీంట్లోంచి చూడు, కంగారు పడకు" అంటున్నాడు. నేను చెప్పలేదురా. నా పుస్తకంలో చుక్కలన్నీ ఆ రోజే చెరిపేశాను.

ఇప్పుడు అసలు పని. వాడు మొన్న అడిగాడు, "సార్, పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటుందా?" అని. నేను నోరు తెరిచాను కానీ మాట రాలేదు. నాకు చదువు సులువుగా వచ్చింది, నేనేం చెప్పినా అది పక్కింటివాడి ఓదార్పే. కొంత ఉంటుంది, కానీ బతుకు ఆగదు అని చెప్పే హక్కు నీకుంది. అందుకే ఒక్క శనివారం రా. ఉపన్యాసం వద్దు. ఒక చచ్చిపోయిన మోటారు పట్టుకొచ్చి పిల్లల మధ్య కూర్చుని విప్పు. నీకు చెప్పాలనిపిస్తే బిల్లు పుస్తకం సంగతి చెప్పు, లేకపోతే మానెయ్. వార్నిష్ సాకు మాత్రం వాళ్ల దగ్గర చెప్పకు, వాళ్లకి అలాంటివి వంద తెలుసు, ఇట్టే పట్టేస్తారు.

నీ గురించి వాడికి కొంచెం చెప్పాను. వెంటనే "మరి ఆయన షాపు బోర్డు మీద పేరు ఎవరు రాశారు సార్?" అన్నాడు. "వచ్చాక నువ్వే అడుగు" అన్నాను. జవాబు సిద్ధం చేసుకో.

తణుకులో ఏడింటి బస్సెక్కితే భీమవరంలో దిగు, నేను బండి మీద వచ్చి ఎక్కించుకుంటాను. చెల్లెమ్మని కూడా తీసుకురా, భోజనం మా ఇంట్లో. చందువా దొరికితే పులుసు, లేకపోతే రొయ్యలు ఎలాగూ ఉన్నాయి. వచ్చేటప్పుడు బేరింగు ఊడదీసే పుల్లరు మర్చిపోకు, మా బడిలో సుత్తి తప్ప ఏమీ లేదు. వీలైతే చిన్న సైజుది ఇంకోటి తీసుకురా, వాడి చేతులు ఇంకా బుజ్జివి.

నీ బావ